పాలపిట్ట దర్శనము – పంజర దోషము

(శరన్నవరాత్ర సందర్భమున నల్లకుంటలో చేసిన ఉపన్యాసము)





విజయదశమి సమీపించుచున్నది. ఆనాడు మన తెలంగాణమునందు గృహస్థులు రెండు పనులు తప్పక చేయుదురు. సాయంకాలము జమ్మిచెట్టునకు ప్రదక్షిణము చేసి, ఆ ఆకును బంగారమని పెద్దల చేతులలో ఉంచి పాదములకు నమస్కరించుదురు. జమ్మికి పోవు దారిలోనో, మరలి వచ్చు దారిలోనో పాలపిట్ట కంటబడునేమోయని చెట్ల కొమ్మల వంకను, ఆకాశము వంకను చూచుచుందురు. కనబడినచో ఆ సంవత్సరమంతయు జయమేయని సంతోషింతురు. పాండవులు అజ్ఞాతవాసము ముగించి శమీవృక్షము మీది ఆయుధములను దింపుకొని వచ్చునపుడు ఈ పక్షి కనబడినదనియు, నాటినుండి వారికి విజయపరంపర మొదలైనదనియు మన పెద్దలు చెప్పుకొందురు. ఉత్తరదేశమువారు దీనిని నీలకంఠమని పిలిచి పరమశివుని తలచుకొని నమస్కరింతురు.

ఇది చక్కని ఆచారము. ఇందులో ఖర్చు లేదు, ఆడంబరము లేదు, ఎవ్వరికిని హింస లేదు. సంవత్సరమునకు ఒక్కనాడైనను మనుష్యుడు ఊరు దాటి, పొలిమేర దాటి, పచ్చని బయలులో నిలిచి, తలయెత్తి ఒక పక్షి కొరకు ఎదురుచూడవలెనని పెద్దలు ఏర్పరచినారు.

అయితే నగరము పెరిగినకొలది పొలిమేర దూరమైనది. పొలము తగ్గినది, చెట్టు తగ్గినది, పాలపిట్ట అరుదైనది. ఆచారము మాత్రము మిగిలినది. ఈ రెండింటి నడుమ ఒక బేరము పుట్టినది. దసరాకు కొన్ని దినములు ముందుగా కొందరు పల్లెల వైపు పోయి, వలలతోను, జిగురు పూసిన పుల్లలతోను ఈ పక్షులను పట్టి, కాళ్లకు దారము కట్టియో, రెక్కల ఈకలు కత్తిరించియో, చిన్న చిన్న పంజరములలో కుక్కి నగరమునకు తెచ్చుచున్నారు. పండుగనాడు గుడి వాకిళ్లయందును, వీధి కూడళ్లయందును నిలిచి రండు, చూడుడు అని పిలుచుచున్నారు. భక్తులు కొంత రుసుము చేతిలో పెట్టి, పంజరమునకు చేతులు జోడించి, కన్నులకద్దుకొని పోవుచున్నారు.

ఈనాటి ప్రసంగమునకు విషయమిదియే. పంజరములోని పాలపిట్టను చూచినవానికి కలుగునది పుణ్యమా, దోషమా? ఆకాశములోను, అరణ్యములోను తిరుగవలసిన ప్రాణిని తెచ్చి మన కొరకు బంధించుటకు మనకు అధికారమున్నదా? ఈ ప్రశ్నను పరులను ఉద్దేశించి అడుగుటలేదు. రుసుము చెల్లించుచున్నది భక్తులమైన మనమే గనుక మనలను మనమే అడుగుకొనవలెను.

మొదట ఆ పక్షి సంగతి కొంచెము తెలిసికొందము. పాలపిట్ట గింజలు తిను పక్షి కాదు. మిడుతలను, పురుగులను, చిన్న బల్లులను పట్టి తినును. ఎండుకొమ్మ మీదనో, పొలము గట్టున తీగె మీదనో కదలక కూర్చుండి, నేలపై పురుగు కదలినంతనే రివ్వున వాలి పట్టుకొనును. అందుచేత అది రైతునకు మిత్రము. పంజరములో దానికి బియ్యపు నూకలు వేసినను, పండుముక్క వేసినను ప్రయోజనము లేదు. ఆకలికి, దాహమునకు, భయమునకు, జనుల త్రొక్కిసలాటకు తాళలేక పండుగ గడచుసరికి అనేకము ప్రాణము విడుచును. బ్రదికినవాటికి జిగురు అంటిన రెక్కలు ఎగురుటకు పనికిరావు.

ఇంకొక విశేషము గమనింపుడు. కొమ్మపై కూర్చున్న పాలపిట్ట చూచుటకు గోధుమవన్నె కలిసిన సామాన్యమైన పక్షివలె కనబడును. దాని సొగసంతయు రెక్క విప్పినపుడే. గాలిలోనికి లేచినంతనే ముదురునీలము, లేతనీలము పట్టెలు పట్టెలుగా తళతళలాడును. ఆ నీలిమను చూచియే మన పూర్వులు దైవమును స్మరించిరి. రెక్క విప్పుటకు చోటులేని పంజరములో ఆ నీలము కనబడదు. కాబట్టి రుసుమిచ్చి చూచినవాడు పాలపిట్టను చూడనేలేదు. మూసిన గర్భాలయ ద్వారమును చూచి స్వామిదర్శనమైనదని ఇంటికి పోయినవానికిని, వీనికిని భేదమేమి?

ఇక శాస్త్రదృష్టితో విచారింతము. పురుషసూక్తమును మీలో చాలమంది నిత్యము పఠించువారే. అందు యజ్ఞమునుండి పశువులు ఉద్భవించిన సందర్భములో మూడు విభాగములు చెప్పబడినవి. వాయువునందు సంచరించునవి, అరణ్యమునందు సంచరించునవి, గ్రామమునందు వసించునవి. ఈ విభాగము ఊరకే చేసినది కాదు. ఆవు, గుఱ్ఱము, మేక, గొఱ్ఱె మొదలైనవి గ్రామ్యములు. తరతరములుగా మనుష్యునితో కలిసి బ్రదుకుటకు అలవడినవి. వాటికి మేత, నీరు, నీడ కల్పించుట మన విధి. మిగిలిన రెండు వర్గములకు మనము యజమానులము కాము. వాటికి ఆకాశమును, అరణ్యమును పరమేశ్వరుడే ఇల్లుగా ఇచ్చినాడు.

దీనికి ప్రబలమైన ప్రమాణము అశ్వమేధ ప్రకరణములో కలదు. తైత్తిరీయ బ్రాహ్మణము మూడవ అష్టకమునందును, శతపథ బ్రాహ్మణము పదమూడవ కాండమునందును ఈ విషయము వచ్చును. ఆ మహాక్రతువునందు గ్రామ్యపశువులతోబాటు ఆరణ్యపశువులను కూడ యూపముల నడుమకు తెచ్చెదరు. వాటిచుట్టు అగ్నిని త్రిప్పెదరు. పర్యగ్నికరణమైన పిమ్మట ఆరణ్యములను చంపక, కట్టివేయక, విడిచిపెట్టెదరు. హింస కలుగకుండుటకేయని శ్రుతి స్వయముగా కారణము చెప్పుచున్నది. ఆరణ్యములతో కర్మను ముగించినచో త్రోవలు విడిపోవును, ఊళ్లు ఒకదానికొకటి దూరమగునని కూడ హెచ్చరించుచున్నది. అశ్వమేధము కలియుగమున నిషిద్ధము, గ్రామ్యపశువుల విషయము యజ్ఞమీమాంసకు చెందినది, అది ఇప్పుడు మనకు ప్రస్తుతము కాదు. గ్రహింపవలసినది ఒక్కటియే. భూమండలమును జయించిన చక్రవర్తి చేయు క్రతువునందు సైతము అడవి ప్రాణిని క్షణకాలము నిలిపి విడువవలెననియే విధి. అట్టియెడ ఇంటి ముందరి వసారాలో చిలుకను ఇరువది సంవత్సరములు వ్రేలాడదీయుటకు మనకు అధికారము ఎక్కడినుండి వచ్చును?

చిలుక ప్రస్తావన వచ్చినది గనుక పద్మపురాణము పాతాళఖండములోని కథను స్మరింతము. సీతాదేవి బాల్యమున ఉద్యానవనములో విహరించుచు ఒక చిలుకల జంటను చూచినది. వాల్మీకి ఆశ్రమమున విని నేర్చిన రామకథను ఆ జంట పలుకుచున్నది. భావిజీవితము వినవలెనను ముచ్చటతో సీత వాటిని పట్టించినది. ద్వేషముతో కాదు, ప్రేమతోనే. మధురమైన ఆహారము పెట్టెదను, నా యింటనే సుఖముగా ఉండుడనినది. అందుకు ఆడుచిలుక, మేము వనములో తిరుగువారము, ఇంటిలో మాకు సుఖము లేదు, నేను గర్భవతిని, ప్రసవించిన పిదప వత్తునని ప్రార్థించినది. మగచిలుక ప్రాధేయపడినది. బాలిక మగదానిని విడిచి ఆడుదానిని ఉంచుకొన్నది. నన్నెట్లు గర్భవతిగా భర్తనుండి వేరుచేసితివో నీవును అట్లే వేరగుదువని శపించి ఆ పక్షి ప్రాణము విడిచినది. మగచిలుకయే మరుజన్మమున అయోధ్యలో రజకుడై పుట్టి, లోకాపవాదమునకు కారణమైనాడని పురాణము చెప్పుచున్నది.

లోకమాతకు పాపమంటునా అని శంక వలదు. ఆమె అవతరించినది మనకు బోధించుటకే. బోధ ఏమనగా, ప్రేమతో బంధించినను బంధము బంధమే. తీపి పండు పెట్టితిమి, వెండి గిన్నెలో నీరు పోసితిమి అను మాట ఆ పక్షికి సమాధానము కాదు.

మన ప్రాంతమునకు చెందిన మరియొక కథ కలదు. నేలకొండపల్లికి చెందిన కంచర్ల గోపన్న, మనము భక్తితో రామదాసని పిలుచు మహానుభావుడు, తానీషా ప్రభుత్వమున భద్రాచలమునకు తహసీల్దారై, రాజధనముతో రామాలయము కట్టించి, గోల్కొండ చెరసాలలో పండ్రెండేండ్లు మ్రగ్గెను. ఈ నల్లకుంటకు ఆ కోట ఎంతో దూరము కాదు, చెరసాలను మీలో చాలమంది చూచియే యుందురు. అంతటి భక్తునకు అంతటి దుఃఖమేల కలిగెను? పూర్వజన్మమున ఆయన ఒక చిలుకను పండ్రెండేండ్లు పంజరమున ఉంచినాడనియు, దాని ఫలమే ఇదియనియు భక్తలోకము పరంపరగా చెప్పుకొనుచున్నది. ఇది జనుల నోట నిలిచిన గాథ. ఇందు చిలుకను చంపినట్లు లేదు. కేవలము బంధించుటయే దోషము. శ్రీరామచంద్రుడు స్వయముగా వచ్చి ఆరు లక్షలు చెల్లించి విడిపించువరకు ఆ ఋణము తీరలేదు. సామాన్యులు అల్లుకొన్న ఈ గాథలో ఎంతటి ధర్మసూక్ష్మమున్నదో చూడుడు. పంజరమునకు పంజరమే బదులు, ఏటికి ఏడే లెక్క.

ఇక్కడ కొందరు పూర్వపక్షము చేయుదురు. అయ్యా, మన ఋషుల ఆశ్రమములలో లేళ్లు లేవా, నెమళ్లు లేవా? కణ్వాశ్రమమున శకుంతల లేడిపిల్లను పెంచలేదా? అని. ఉన్నవి, పెంచినది. కాని ఆశ్రమమునకు కంచె లేదు. లేడి అడవినుండి వచ్చును, నీవారధాన్యము తినును, తిరిగి అడవికి పోవును. భయము లేనిచోటికి ప్రాణి తనంత తాను వచ్చుట ఆశ్రమధర్మము. పారిపోకుండ త్రాడు కట్టుట వేటగాని ధర్మము. రెండింటిని ఒకటిగా చెప్పరాదు.

అట్లయినను పెంపకమునందు ఒక ప్రమాదము కలదని భాగవతము పంచమస్కంధమున భరతుని చరిత్ర చెప్పుచున్నది. భరతుడు రాజ్యము విడిచి పులహాశ్రమమున తపస్సు చేయుచుండెను. నిండు చూలాలగు ఒక లేడి సింహగర్జనకు బెదరి నదిని దాటబోయి, పిల్లను నీటిలో విడిచి మరణించెను. కొట్టుకొనిపోవు పిల్లను భరతుడు కాపాడెను. ఇంతవరకు అది దయ, ఉత్తమధర్మము. పిమ్మట దానిని నాదియనుకొనెను. అది కనబడనిచో అన్నము సహింపదు, జపము సాగదు. అంత్యకాలమున లేడినే తలచుచు ప్రాణము విడిచి లేడియై పుట్టెను. కాపాడుట ఆయన తప్పు కాదు, కాపాడినదానిని తనదిగా చేసికొనుట బంధమైనది. గూటినుండి పడిన పిల్లపక్షియో, గాయపడిన కోతియో మీ వాకిట కనబడినచో కాపాడుడు. కాని గాయము మానిన పిదప అది మీది కాదు, అడవిది. వైద్యము తెలిసినవారికిని, అటవీశాఖవారికిని అప్పగింపుడు. మమకారముతో ఇంటనుంచుకొన్నచో బంధితులు ఇద్దరగుదురు.

పాలపిట్ట ఒక్కదాని కథయే కాదు. మన వీధులలోనే చూడుడు. చిలుకజోస్యము చెప్పువాడు చెట్టుక్రింద కూర్చుండి పంజరపు తలుపెత్తగానే చిలుక వచ్చి ఒక చీటి తీసి మరల లోపలికి పోవును. ఎంత తెలివియని మనము మెచ్చుకొందుము. తలుపు తీసినను అది ఎగిరిపోకుండుటకు కారణము తెలివి కాదు. రెక్కల ఈకలు కత్తిరింపబడినవి. తన స్వాతంత్ర్యమును తాను కాపాడుకొనలేని పక్షి మన భవిష్యత్తును చెప్పునని నమ్మి చీటి చదివించుకొనుట ఏమి వివేకము? చెట్టుతొఱ్ఱలోని గూటినుండి రెక్కరాని పిల్లలను తీసి అమ్మునపుడు దారిలో చచ్చునవి ఎన్నియో మనకు కనబడవు.

నాగపంచమికి, నాగులచవితికి పాములవాడు బుట్టలో నాగుబామును తెచ్చును. కోరలు పెరికిన నోటితో, దినముల తరబడి నీరు లేక ఎండిన గొంతుతో అది ఏది పోసినను మ్రింగును. పాలు పాముకు ఆహారము కాదు. అవి జీర్ణము కాక, ఊపిరితిత్తులలో చేరి అది చచ్చును. నాగదేవతకు నైవేద్యమని మనము తలచుచున్నాము, నాగుబాముకు అది మరణము. పుట్ట వద్దనో, ఆలయమునందలి నాగప్రతిష్ఠ వద్దనో పూజచేసిన చాలును. ఇంటిలోనికి పాము వచ్చినపుడు చంపక పట్టి అడవిలో విడుచుటకు ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ అను సంస్థవారు మన నగరముననే ఉన్నారు. నిజమైన నాగపూజ వారిది.

ఇటీవల నక్షత్రతాబేలును ఇంటనుంచుకొన్నచో ధనము వచ్చునని, కూర్మావతారమని చెప్పి అమ్మువారు బయలుదేరినారు. రాయలసీమ పొదలనేలలలో తిరుగవలసిన ఆ ప్రాణిని సంచులలో కుక్కి దేశాంతరములకు సైతము దొంగతనముగా పంపుచున్నారు. ఈ వ్యాపారమును అరికట్టుటకే 2019లో దేశములన్నియు కలిసి దానిని అత్యంత రక్షణ గల జాబితాలో చేర్చినవి. మందరపర్వతమును మోసిన మూర్తిని గాజుతొట్టిలో పెట్టి మన అప్పులు తీర్పుమని అడుగుట భక్తి యగునా?

ఏనుగు విషయము పెద్దది. దత్తాత్రేయుని అవధూతోపాఖ్యానములో ఇరువదినలుగురు గురువులలో ఏనుగు ఒకటి. ఆడయేనుగును ఎరగా చూపి మగయేనుగును పట్టుదురని అందు చెప్పబడినది. అనగా గజబంధనము మోసముతోడిదని భాగవతమునకు తెలియును. అదే భాగవతము గజేంద్రుని విడిపించుటకు శ్రీహరి వైకుంఠమునుండి పరుగున వచ్చెనని చెప్పును. మన బమ్మెర పోతన్నగారు ఆ ఘట్టమును తెలుగుచేసిన నాటినుండి ఏ తెలుగువాడు దానిని మరచినాడు? దేవాలయోత్సవములలో ఏనుగు అనాదిగా ఉన్నది. మన పాతబస్తీలో బోనాల వేళ అక్కన్న మాదన్న మహంకాళి ఆలయ ఘటము ఏనుగుపై ఊరేగును. ఈ సంప్రదాయమును నేను నిందించుట లేదు. అయితే సంకెళ్లు, తారురోడ్డు, టపాసుల చప్పుడు, జనసమ్మర్దము ఆ ప్రాణికి ఎట్లుండునో ఆలోచింపవలెను. కేరళమున త్రిశ్శూరు జిల్లా ఇరింజాడప్పిళ్లి శ్రీకృష్ణాలయమువారు 2023లో యంత్రముతో కదలు ఏనుగును ఉత్సవమునకు స్వీకరించిరి. మనము కొయ్యగుఱ్ఱమును అశ్వవాహనమనియు, కొయ్యగరుడుని గరుడవాహనమనియు భావించి స్వామిని ఊరేగించుట లేదా? గజవాహనమునకు మాత్రము ప్రాణమున్న గజమే కావలెనని ఎవరు చెప్పిరి?

అట్లయిన జంతుప్రదర్శనశాలలన్నియు దోషములేనా యని అడుగుదురు. మన నెహ్రూ జూపార్కు మీరాలం చెరువు ప్రక్కన 1963 అక్టోబరు 6న ప్రజలకు తెరవబడినది. పిల్లలను తీసికొనిపోని గృహస్థు మన నగరమున ఉండడు. అక్కడనే 2000 అక్టోబరులో సఖి అను ఆడపులిని దుర్మార్గులు బోనులోనే చంపి చర్మమును ఒలుచుకొని పోయిరి. అడవిలోని పులికి పారిపోవుటకు కాళ్లున్నవి, దాగుటకు పొదయున్నది. బోనులోని పులికి రెండును లేవు. దాని రక్షణభారమంతయు మనుష్యునిదే. ఆ భారము మోయలేనపుడు బంధించు అధికారము కూడ లేదని ఆ సంఘటన చెప్పుచున్నది.

మరియొక వైపును కూడ చెప్పవలెను. అదే జూపార్కువారు, మన తార్నాకకు సమీపముననున్న సి.సి.ఎం.బి. సంస్థకు చెందిన లాకోన్స్ శాస్త్రజ్ఞులతో కలిసి, 2010 నుండి మూషికజింకలను సంరక్షించి పెంచి, సంతతిని వృద్ధిచేసి, తరువాత నల్లమలలోని అమ్రాబాదు అడవిలో విడిచిరి. కుందేలంత పరిమాణముగల ఆ చిన్నప్రాణి తిరిగి తన అడవికి చేరినది. ఇది అశ్వమేధములో తెచ్చి విడుచు విధివంటిదే. విడుచుటకొరకు ఉంచుకొనుట వేరు, చూచి వినోదించుటకొరకు ఉంచుకొనుట వేరు. గాయపడి, అడవిలో బ్రదుకలేని ప్రాణికి ఆశ్రయమిచ్చుటయు ధర్మమే. ఈ రెండు ప్రయోజనములే కొలతబద్దలు. ఏ శాలనైనను వీటితో కొలువుడు.

ఇండ్లలో ఇదివరకే లవ్‌బర్డ్స్ వంటి విదేశీ పక్షులున్నవారికి ఒక మాట. పంజరములోనే పుట్టి పెరిగిన వాటిని తొందరపడి గాలిలో విడిచినచో కాకులకు, ఆకలికి బలియగును. వాటిని ఆయుష్షున్నంతవరకు విశాలమైన చోట పోషింపుడు. క్రొత్తగా కొనకుడు. కొనుట ఆగినచో పట్టుటయు, అమ్ముటయు ఆగును.

రాజశాసనము కూడ ధర్మమునకు అనుకూలముగానే యున్నది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. పాలపిట్టను గాని, మన దేశపు రామచిలుకను గాని పట్టుట, అమ్ముట, ఇంట బంధించుట నేరము. 2022లో సవరింపబడిన చట్టము 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. జైలుశిక్షతోబాటు లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. ప్రాణులయందు దయ కలిగియుండుట పౌరుని ప్రాథమిక విధియని రాజ్యాంగమునందు 1976లో చేర్చిరి. మనకు భూతదయ చట్టము పుట్టకమునుపే ధర్మము. కావున జైలుభయముతో కాక ధర్మబుద్ధితో మానుట మనకు శోభ.

ఒక విచిత్రము వినుడు. 2014లో తెలంగాణము ఏర్పడిన తరువాత రాష్ట్రపక్షిగా పాలపిట్టను, రాష్ట్రవృక్షముగా జమ్మిని ప్రకటించిరి. విజయదశమి నాటి రెండు మంగళములును రాజ్యచిహ్నములైనవి. 2018లో ఆంధ్రప్రదేశమువారు రామచిలుకను తమ పక్షిగా ఎంచుకొనిరి. తెలుగువారి రెండు రాష్ట్రములకును గౌరవపక్షులు ఏవియో పంజరములలో ఎక్కువగా చిక్కునవియు అవియే! సింహాసనమున కూర్చుండబెట్టి సంకెల వేసినట్లున్నది.

ఇంక పక్షులను పట్టువాని మాట. అతనిని తిట్టుటకు నాకు మనసు రాదు. అతనిది పేదరికము, తండ్రితాతలనుండి వచ్చిన విద్య అది యొక్కటియే. మనము చూచెదము గనుక అతడు పట్టుచున్నాడు. కొందరు దయగలవారు రుసుమిచ్చి పక్షిని కొని అక్కడనే విడిపింతురు. వారి మనసు మంచిదే. కాని ఆ ధనముతో అతడు మరునాడు రెండు పక్షులను పట్టును. జిగురంటిన రెక్కలతో విడిచిన పక్షి పది బారలు పోకుండగనే క్రింద పడును. కావున కొనవలదు, చూడవలదు. అటవీశాఖవారికి తెలియజేయుడు. వారు వైద్యము చేయించి తగినచోట విడుతురు. ఆ పేదవానికి పండుగనాడు వస్త్రమో, ధాన్యమో, ధనమో ఇయ్యదలచినచో పంజరము లేకుండ వచ్చిననాడు రెండింతలు ఇండు. వాని బిడ్డలకు చదువు చెప్పించు దాత మీలో ఒక్కడైనను ఉన్నచో, ఎన్ని పక్షులు విడుదల పొందునో లెక్కింపలేము.

అయితే మాకు దర్శనమెట్లు? అని మీరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. మన ప్రక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము కలదు. చెట్లును, బయళ్లును అందింకను మిగిలియున్నవి. వేకువను నెమళ్ల కూత వినబడుచుండును. పండుగనాడు పిల్లలను వెంటబెట్టుకొని తెల్లవారకముందే అటు నడచిపోండు. వీలున్నవారు నగరము దాటి పొలములవైపు పోండు. విద్యుత్తీగెల మీద, ఎండుకొమ్మల మీద ఓపికతో చూడుడు. కనబడినచో ధన్యులు. కనబడనిచో దోషమేమియు లేదు. దర్శనము పక్షి ఇచ్చునది, మనము లాగుకొనునది కాదు. స్వామి గుడిలో తెరవేసియున్నపుడు తెర తీయువరకు నిలుతుము గాని తెరను చింపము గదా! అట్లే ఇదియు. ఆ నాటికి మనసు నిలువనిచో పాలపిట్టను తలచుకొని జమ్మికి మరియొక ప్రదక్షిణము చేయుడు.

పక్షి కనబడవలెనన్నచో దానికి చోటుండవలెను. 2025లో గచ్చిబౌలి వద్ద హైదరాబాదు విశ్వవిద్యాలయమును ఆనుకొనియున్న 400 ఎకరముల కంచలో చెట్లు కూలినపుడు, జింకలు, నెమళ్లు బెదరి పరుగిడుట చూచి నగరమంతయు చలించినది. ఏప్రిల్ 3న సర్వోన్నత న్యాయస్థానము చెట్లు కొట్టుట ఆపించినది. పంజరము ఇనుపతీగెలతోనే కట్టనక్కరలేదు. చుట్టునున్న అడవిని తీసివేసినచో మిగిలిన చిన్న చోటే పంజరమగును. మీ వీధిలో ఒక పాతచెట్టును, ఒక తొఱ్ఱగల మ్రానును కాపాడినచో అది ఒక పక్షికుటుంబమునకు గృహదానము.

సోదరులారా! మనము ప్రతిదినము భగవంతుని అడుగునది ఏమి? మోక్షము. మోక్షమనగా విడుదల. పంజరము ప్రక్కన నిలిచి, ఆ పక్షి బంధమును చూచి ఆనందించుచు, నా బంధమును విడిపింపుమని ఆ పరమాత్మను ఏ నోటితో అడుగుదుము? ఒక ప్రాణికి విడుదల నిచ్చినవాని ప్రార్థనకు బలముండును.

కావున ఈ విజయదశమికి ఒక చిన్న సంకల్పము చేయుదము. పంజరములోని పాలపిట్టకు నమస్కరింపము. దానికొరకు ఒక్క కాసైనను ఇయ్యము. మన గుడి వాకిట అట్టి పంజరము కనబడినచో అర్చకులకు, ధర్మకర్తలకు చెప్పి, అటవీశాఖకు కబురుపంపుదము. పిల్లలకు ఎగిరే పాలపిట్టను చూపుదము. అట్లు చేసిననాడు ఆకాశమున విప్పిన ఆ నీలిరెక్కయే మనకు జయపత్రము.

సకలప్రాణులకు అభయము కలుగుగాక. శ్రీమాత అందరిని చల్లగా చూచుగాక.

స్వస్తి.